పైచూపు మేడం

మేడం పోయారని ఆదివారం పొద్దున పాత ఆఫీసు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. అప్పుడు నేను కూరగాయల సంచీ పట్టుకుని ఒక పెద్ద మాల్‌లో ఉన్నాను. మెసేజ్ చదివి తలెత్తితే ఎక్కడ నిలబడ్డానో తెలిసొచ్చింది. జనమంతా గాజు కప్పు కింద కుర్చీలు లాక్కుని ఐస్‌క్రీములు తింటున్నారు. నేను మాత్రం గోడ పక్కన, స్తంభానికి అతుక్కుని ఉన్నాను. ఇది నాకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు, ఆవిడ అంటించిన జబ్బు. షాపింగ్‌కి తీసుకొచ్చి దొంగలెక్క గోడల వెంట నడుస్తాడేందని మా ఆవిడ ఇప్పటికీ నలుగురిలో నా పరువు తీస్తుంటుంది.

ఎవరైనా కొత్త గదిలోకి వస్తే ముందు మనుషుల్ని చూస్తారు, లేదంటే ఖాళీ కుర్చీ ఎక్కడుందా అని చూస్తారు. మేడం పైకి చూసేవారు. ఫ్యాను కొక్కెం, దీపాల గొలుసు, సీలింగుకి పట్టిన చెమ్మ, అన్నీ ఒక చుట్టు చూసి, తనకి నచ్చిన చోట కుర్చీ వేసుకుని, అప్పుడు నమస్కారం పెట్టేవారు. ఆ చుట్టు పూర్తయ్యేదాకా ఎదుటివాడు మంత్రి అయినా ఆగాల్సిందే. అందుకే ఆవిడ లేనప్పుడు మేం పైచూపు మేడం అనుకునేవాళ్ళం. ఆ పేరు ఆవిడకి తెలుసు. ఒకసారి నేను ఫోన్లో నోరు జారితే విన్నారు కూడా. కింద చూసుకుని నడిచేవాళ్ళు ఊరినిండా ఉన్నారు, ఒకరన్నా పైకి చూడకపోతే ఎలా అని, మళ్ళీ తన పనిలో పడిపోయారు.

అమీర్‌పేటలో ఆఫీసు వాళ్ళమంతా కలిసి టిఫిన్‌కి వెళ్తే ఆవిడతో పెద్ద తలనొప్పి. ఎండాకాలం, పెసరట్టు పొగలు కక్కుతూ వస్తుంది, ఒంటి మీద చెమట ధారలు. అందరూ ఫ్యాను కింద టేబులు కోసం కొట్టుకుంటుంటే, మేడం మమ్మల్ని ఫ్యానుకి దూరంగా, చేతులు కడుక్కునే చోటు పక్కన, గోడ మూలకి తోలుకుపోయేవారు. అక్కడ కూర్చుని కొబ్బరి చట్నీ రెండోసారి అడిగి వేయించుకుంటూ, ఆ ఫ్యాను ఊగుడు చూశావా అని నన్ను అడిగేవారు. ఆవిడ అడిగాక చూడకుండా ఉండలేం, చూశాక తిన్నది అరగదు.

మా ఆఫీసు పంజాగుట్టలో ఒక చీరల కొట్టు పైన. అమీర్‌పేట గోడల నిండా జావా, ఒరాకిల్ బ్యానర్లు వేలాడుతున్న రోజులవి. నేనూ జావా నేర్చుకుందామనే వచ్చి, మధురానగర్ హాస్టల్లో మంచం తీసుకుని, కొన్నాళ్ళకే బుర్ర తిరిగి, పక్క మెట్లెక్కి కంప్యూటర్ డ్రాయింగ్ కోర్సులో చేరినవాణ్ణి. మాది నేత పనివాళ్ళ ఊరు. మేం చేసే పని చెబితే అక్కడ ఎవరికీ ఎక్కేది కాదు. పెద్ద భవనాల నడుమ నాలుగంతస్తుల ఎత్తు ఖాళీ వదిలి, పైన గాజు కప్పు, ముందు గాజు గోడ వేస్తారు కదా, ఏట్రియం అంటారు, అది పడకుండా ఎలా నిలబెట్టాలో లెక్క కట్టి బొమ్మ గీసి ఇవ్వడం మా పని. అయితే గాజుల దందానా బిడ్డా అని మా అమ్మ సంబరపడింది. కాదని చెప్పి చెప్పి అలిసిపోయాను. మా వీధిలో సగం మందికి నేనిప్పటికీ గాజులు అమ్ముకునేవాణ్ణే.

లెక్కలన్నీ మేడంవి, గీతలు నావి. ఇలాంటి బొమ్మల్లో ఎత్తు తెలియడానికి ఒక మనిషిని నిలబెట్టడం మామూలే. కంప్యూటర్లో రెడీమేడ్‌గా దొరుకుతాడు, కోటు తొడుక్కుని చేతిలో పెట్టె పట్టుకుని. అంతా అయ్యాక అతన్ని ఒక మూల అతికిస్తే చాలు. మేడం దగ్గర అలా చెల్లేది కాదు.

"ముందు కింద ఎవరున్నారో పెట్టవయ్యా. వాళ్ళ నెత్తి మీద ఏం పెట్టాలో తర్వాత చూద్దాం" అనేవారు.

ఆ కోటువాడు ఆవిడకి పనికిరాడు, ఏదన్నా పడితే పరుగెత్తగలడు కాబట్టి. చంకలో పిల్లనెత్తుకున్న తల్లి కావాలి. కాళ్ళు చాపుకుని కూర్చున్న ముసలాయన కావాలి. టిఫిన్ డబ్బాతో ఎవరికోసమో ఎదురుచూస్తున్న హాస్టలు పిల్ల కావాలి. వీళ్ళందర్నీ నేను ఒక్కొక్క గీత గీసి తయారుచేసేసరికి ప్రాణం విసిగేది. గీశాక కప్పు మీద ఒక్కో గాజు పలకకి పెన్సిలు ఆనించి "ఇది పోతే?" అని అడిగేవారు. ఇది పోతే దీని బరువు పక్కదాని మీద పడుతుంది మేడం, అనేవాణ్ణి. "అది కూడా పోతే?" అలా ఒకటి తర్వాత ఒకటి కాగితం మీద కప్పంతా కూలదోసి, ముసలాయన ఎక్కడున్నాడో చూసుకుని, అతను బతికాడని నమ్మకం కుదిరాకే టీకి లేచేవారు. నేను కూడా ముసలాయన్ని కాస్త గోడవైపు జరిపి గీయడం మరిగాను. కనిపెట్టేసి మళ్ళీ నట్టనడుమకి జరిపించేవారు.

ఇనుము చెప్పి వంగుతుంది, గాజు చెప్పకుండా పోతుంది. ఈ మాట ఆవిడ నోటినుంచి వినని రోజు లేదు. కొత్తవాళ్ళకి పాఠంలా చెప్పేవారు, క్లయింట్లకి హెచ్చరికలా చెప్పేవారు, ఒక్కోసారి మెట్లు దిగుతూ తనలో తానే అనుకునేవారు. మే నెల సాయంత్రాల్లో ఉన్నట్టుండి దుమ్ము లేచి ఈదురుగాలి మొదలైతే ఇక ఆవిడని చూడాలి. కిటికీ దగ్గర ఫోను పట్టుకుని, అంతకుముందు కట్టిన ప్రతి భవనం వాచ్‌మన్‌కీ వరసగా ఫోన్లు. గాలి వస్తోందా, శబ్దాలేమన్నా ఉన్నాయా, కింద ఎవరైనా నిలబడ్డారా. కుక్క మొరుగుతుంది మేడం, ఇంకేం లేదు అని వాళ్ళు చెబుతుంటే, ఆ కుక్క ఎటు చూసి మొరుగుతోందని అడిగిన మనిషి ఆవిడ.

ఇంత భయం ఎందుకొచ్చిందని మాలో మేం చాలా కథలు అల్లాం. చిన్నప్పుడు ఏదో ప్రమాదం చూసి ఉంటారని ఒకడు, విదేశంలో చదువుకునేటప్పుడు ఆవిడ కట్టింది కూలిందని ఇంకొకడు. నాకు చనువు ఎక్కువ కాబట్టి ఉండబట్టలేక అడిగేశాను. ఆవిడ నవ్వారు. కోస్తా మనిషి, నవ్వినా మందలించినా మాట మెత్తగానే ఉండేది.

"ఏమీ జరగలేదయ్యా. జరిగినవాళ్ళకి భయం తీరిపోతుంది. నాకింకా జరగలేదు, అదే గదా నా బాధ."

అలాంటి మనిషికి ఆ కాంప్లెక్స్ పని వచ్చింది. పంజాగుట్ట చౌరస్తాకి కాస్త అవతల, కింద కొట్లు, పైన సాఫ్ట్‌వేర్ ఆఫీసులు. యజమానిని అందరూ చైర్మన్ గారనేవారు. ఆయన ఎక్కడో విదేశంలో ఒక ఏట్రియం చూసొచ్చి దాని మీద మనసు పారేసుకున్నారు. ఆకాశం కనపడాలండీ, ఇనుము కనపడకూడదు, అసలు అక్కడ కప్పుందని తెలియకూడదు. ఆయన కోరిక అంత వరకే. కప్పుందని తెలియకపోతే జనం హాయిగా దాని కిందే కూర్చుంటారు కదా అని మేడం ఆ రోజంతా గొణుగుతూనే ఉన్నారు.

చైర్మన్ గారి పక్కన వాస్తు చూసే సిద్ధాంతి గారొకరు ఉండేవారు. కట్టడానికి నట్టనడుమ చోటు బ్రహ్మస్థానం, దాని మీద బరువు ఉండకూడదు, ఆకాశం తెరుచుకుని ఉండాలి అని ఆయన పట్టు. మరి గాజు వేస్తే ఆకాశం మూసినట్టా తెరిచినట్టా అన్న మీద మీటింగు మీటింగంతా గడిచింది. చివరికి, కంటికి కనపడని బరువు దోషం కాదని ఆయన తీర్పు చెప్పారు. చైర్మన్ గారి ముఖం వెలిగింది. మేడం నా వైపు వంగి, "ఆ కంటికి కనపడని బరువేనయ్యా నన్ను చంపుతోంది" అన్నారు.

అసలు గొడవ పలకల దగ్గర వచ్చింది. ఒక్క పలక వేస్తే పల్చగా, తేలిగ్గా, ఆకాశం మరింత బాగా కనిపిస్తుందని చైర్మన్ గారి ఇంజనీర్లు. రెండు పలకల మధ్య పారదర్శకంగా ఉండే పొర పెట్టి అతికించిన గాజే వెయ్యాలని మేడం. చాలా రోజులు నడిచింది. ఒకరోజు ఆవిడ చైర్మన్ గారిని కిటికీ దగ్గరికి పిలిచి రోడ్డు మీద పోయే బండ్లు చూపించారు. లారీ ముందద్దానికి రాయి తగిలితే పగుళ్ళిచ్చినా అక్కడే పట్టుకుని ఉంటుంది, మధ్యలో పొర ఉంది కాబట్టి. బస్సు పక్కద్దానికి తగిలితే జలజలా రాలిపోతుంది. మీ కొట్టుకొచ్చినవాళ్ళ నెత్తి మీద ఏది పెట్టమంటారు? అడిగారంతే. ఆయన చాలాసేపు బస్సుల్ని చూసి, సరే కానివ్వండన్నారు. మేడం కుర్చీలో కూలబడి మంచినీళ్ళడిగారు. గెలిచిన మనిషిలా లేరు, పరీక్ష రాసి వచ్చిన పిల్లలా ఉన్నారు.

కప్పు వెయ్యడం అయ్యేసరికి ఎండలు ముదిరాయి. మధ్యాహ్నమైతే పైనుంచి టిక్కు, టిక్కు అని శబ్దాలు. ఎండకి ఇనుమూ గాజూ పెరుగుతాయి, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ, అందుకే పలకల మధ్య మెత్తటి రబ్బరు పెట్టి సందు వదులుతారు. ఆ సర్దుబాటు శబ్దమే అది. చైర్మన్ గారికి ఇవన్నీ తెలియవు. హడలిపోయి ఫోను చేశారు. అప్పుడు మేడం నోటినుంచి నేనెన్నడూ వినని మాట విన్నాను.

"ఎండకి గాజు పెరుగుతుందండీ. సాయంత్రానికి సర్దుకుంటుంది. కంగారు పడకండి."

కంగారు పడకండి అని ఆవిడ! మేమంతా పని ఆపి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆ మాట ఆ ఎండాకాలమంతా ఆవిడ ఎంతమందికి చెప్పారో. మేస్త్రీలకి, వాచ్‌మన్‌కి, కొట్లు తీసుకున్నవాళ్ళకి, అడిగిన ప్రతివాళ్ళకీ అదే. చివరికి సైట్లో అది సామెత అయి కూర్చుంది. టీ కొట్టు అతను కూడా పాలు పొంగితే ఎండకి పెరిగింది, సర్దుకుంటది అనేవాడు.

ప్రారంభోత్సవం రోజు మేమిద్దరం పొద్దున్నే వెళ్ళాం. గుమ్మంలో అరటి చెట్లు, మామిడి తోరణాలు, సన్నాయి. మేడం లోపలికి అడుగుపెట్టి అలవాటు ప్రకారం తలెత్తారు. పైన ఆకాశం లేదు. పసుపు, తెలుపు గుడ్డ చారలు చారలుగా కట్టి కప్పు మొత్తం మూసేశారు. ముఖ్య అతిథి నెత్తి మీద ఎండ పడుతుందని చైర్మన్ గారే కట్టించారట. కనపడకూడదని అంత పోరి కట్టించుకున్న కప్పుని, ఆయనే గుడ్డతో కప్పించారు! గుడ్డల నడుమనుంచి ఒక పెద్ద బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది. బ్రహ్మస్థానంలో దిష్టి తీయాలని సిద్ధాంతి గారి మాటట. బరువు ఉండకూడదన్న చోటే బరువు కట్టించిన మహానుభావుడు.

అది దేనికి కట్టారని మేడం ఈవెంటు కుర్రాణ్ణి అడిగారు. రెయిలింగులకి తాడు లాగి కట్టినం మేడం, ఏం ఫికర్ లేదు అన్నాడతను. పైకెళ్ళి చూస్తానంటే సెక్యూరిటీ వాళ్ళు ఒప్పుకోలేదు, అతిథి వచ్చి వెళ్ళేదాకా పై అంతస్తులు మూసేశారట. ఎప్పుడూ పైకి చూసే మనిషికి ఆ రోజు చూడటానికేమీ లేకుండా పోయింది. గుడ్డనే చూస్తూ, గుమ్మడికాయ కొద్దిగా కదిలితే నా చెయ్యి పట్టుకుంటూ, గోడ పక్కన నిలబడ్డారు.

అతిథి వచ్చారు, జ్యోతి వెలిగించారు, ఉపన్యాసాలు మొదలయ్యాయి. నిండుగా కనపడాలని అమీర్‌పేట కోచింగు సెంటర్లనుంచి పిల్లల్ని టోపీలు పెట్టించి తెచ్చి, నట్టనడుమ కార్పెట్ మీద కూర్చోబెట్టారు. వాళ్ళ వెనక కొట్లవాళ్ళ కుటుంబాలు, ముసలివాళ్ళు, చంటిపిల్లలు. ఎవరో మాకు టీ తెచ్చిచ్చారు. మేడం రెండు గుక్కలు తాగి కాస్త తేరుకున్నట్టు కనపడ్డారు.

అప్పుడొచ్చింది నర్సమ్మ. అక్కడ ఊడ్చి తుడిచే ఆడవాళ్ళకి పెద్ద ఆవిడ, ఉండేది బల్కంపేట. సైటు మొదలైనప్పట్నుంచీ అక్కడే ఉంది, ప్రతి బోనాలకీ మేడంని ఇంటికి పిలిచేది. పై అంతస్తు వరండా తుడిచి, పనివాళ్ళ మెట్ల మీదుగా దిగి, నేరుగా మా దగ్గరికి వచ్చింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"మేడం, మీద నడిమిట్ల గాజు పెరిగింది."

"ఎండ కదమ్మా, పెరుగుతుంది. సాయంత్రానికి సర్దుకుంటుందిలే" అన్నారు మేడం.

"సర్దుకుంటదా?"

"సర్దుకుంటుంది."

నర్సమ్మ ఇంకేదో అనబోయి, మేడం అంతటి మనిషి అన్నాక ఇంకేముందని కాబోలు, కొంగు దోపుకుని వెనక్కి వెళ్ళింది. మేడం టీ తాగారు. నేనూ తాగాను. వేదిక మీద చైర్మన్ గారు తన పారదర్శకమైన వ్యాపార జీవితం గురించి చెబుతున్నారు. సర్దుకుంటుందన్న మాట ఎండాకాలమంతా చెప్పీ చెప్పీ మేడం నాలుకకి అలవాటైపోయింది. దానంతటదే వచ్చేసింది.

కప్పులో అడుగు టీ ఇంకా ఉండగా ఆవిడ చెయ్యి ఆగింది.

"ఏమయ్యా, ఎండకి ఆ పలక ఎంత పెరుగుతుంది?"

వెంట్రుక మందం మేడం, అన్నాను.

"నర్సమ్మకెలా కనపడింది?"

నర్సమ్మ దూరంగా స్తంభం పక్కన నిలబడి పైకే చూస్తోంది. ఒక చేత్తో రెండో చేతి గాజుల్ని గట్టిగా పట్టుకుని ఉంది. మేడం దాదాపు పరుగెత్తారు. వెళ్ళి, ఆమె చేతిని పట్టుకుని, చేతి గాజు విరిగితే మీ ఇంట్లో ఏమంటారమ్మా అని అడిగారు.

"పెరిగిందంటం గద మేడం. గియ్యాల శుభమాని షాపు తెరుస్తుండ్రు. ఆ మాట నోట్లకెల్లి ఎట్ల తియ్యాలె?"

మా ఇళ్ళలో దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. గాజు పగలదు, పెరుగుతుంది. మేడం వాళ్ళమ్మ అనేదే, మా అమ్మ అనేదే. కానీ ఆఫీసు తెలుగు తలకెక్కాక ఇంటి తెలుగు ఎటు పోయిందో, ఇద్దరికీ ఆ క్షణం దాకా గుర్తు రాలేదు.

గుమ్మడికాయకి తాడు చాలక, డెకరేషన్ వాళ్ళు గాజు పలక మూలల్ని పట్టుకునే ఇనప పంజాకే తీగ చుట్టి, పటకారుతో మెలి తిప్పారట. తీగ గాజు అంచుని నొక్కింది. గాజు ముఖం మీద గుద్దినా ఓర్చుకుంటుంది, అంచు మీద గీరితే ఓర్చుకోదు. పై వరండాలోంచి గుడ్డ మీదుగా చూస్తే మొత్తం తెల్లగా పటికబెల్లం లెక్క అయిందని నర్సమ్మ చెప్పింది. పైపలకా, కిందిపలకా, రెండూనా? ఆమెకేం తెలుస్తుంది? రెండూ అయితే పొర ఒక్కటే ఆ బరువు మోస్తోంది. ఎంతసేపు మోస్తుందో మేడంకే తెలియదు. దాని కింద గుమ్మడికాయ, దాని కింద పిల్లలు.

పడుతుందని అరిస్తే తొక్కిసలాట. బయటికి దారి ఒక్కటే, దానికి అడ్డంగా అరటి చెట్లు. చంటిపిల్లల తల్లులు అక్కడే కూర్చుని ఉన్నారు. మేడం ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. తర్వాత చరచరా నడిచి, వేదిక పక్కన యాంకరమ్మాయి చేతిలో మైకు లాక్కున్నారు. చైర్మన్ గారు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. ఆయన మాట మీదే ఈవిడ మాట వినపడింది. పెళ్ళిలో పిన్నిగారు పిలిచినట్టు ఎంత నిదానంగా ఉందో ఆ గొంతు.

"వెనక హాల్లో భోజనాలు వడ్డిస్తున్నారు. మధ్యలో కూర్చున్న పిల్లలు ముందు లేవండి. తల్లులు చంటివాళ్ళని ఎత్తుకుని గోడల పక్కగా రండి. తోసుకోవద్దు, అందరికీ సరిపడా ఉంది."

తెలుగువాళ్ళు మంటలంటుకున్నాయన్నా నిజమా అని ఒకసారి వెనక్కి తిరిగి చూస్తారేమో గానీ, భోజనాలన్నాక చూడరు. కార్పెట్ మీద పిల్లలు అప్పుడే లేచి ప్యాంట్లు దులుపుకుంటున్నారు. ముఖ్య అతిథి గారు కూడా ఉపన్యాసం తప్పినందుకు కాబోలు, చల్లగా లేచారు. నేను హాల్లోకి పరుగెత్తాను. వంటవాళ్ళ పెద్ద నన్ను తినేసేలా చూశాడు.

"గింత జల్దీ ఏంది భాయ్? బిర్యానీ ఇంక దమ్ము మీదనే ఉన్నది."

ఆకులెయ్, నీళ్ళు పెట్టు, అప్పడాలు పెట్టు, ఉప్పన్నా పెట్టు అన్నా అని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. తిరిగొచ్చేసరికి నడుమ భాగం ఖాళీ. ఒక ముసలాయన మాత్రం చెప్పులు కనపడక వెతుక్కుంటున్నాడు. మేడం వెళ్ళి ఆయన భుజం పట్టుకుని, చెప్పుల్లేకుండానే, గోడ దాకా నడిపించుకొచ్చారు. నాకు ఆ కొద్ది దూరం ఎంత పొడుగ్గా అనిపించిందో చెప్పలేను.

చైర్మన్ గారు మండిపోతూ వచ్చారు. ఏంటండీ ఈ పని, నా ఫంక్షన్లో నన్ను నవ్వులపాలు చేస్తారా అని అందరి ముందూ కేకలేశారు. మేడం ఆయన చెవిలో ఒక ముక్క చెప్పారు. ఆయన పైకి చూశారు, తర్వాత కిందికి, ఖాళీ కార్పెట్ వైపు. పైనుంచి గుడ్డ విప్పించారు. నట్టనడుమ ఒక్క పలక తెల్లగా, నలిగి ఉంది. పైపలక పోయింది. కిందిపలక పట్టుకుని ఉంది. ఒక్క ముక్క రాలలేదు. గుమ్మడికాయని మెల్లగా దింపి, చుట్టూ రంగు రిబ్బన్లు కట్టేశారు. భోజనాలు ముగించి వచ్చినవాళ్ళు అక్కడేదో డాన్సు ప్రోగ్రాం ఉందనుకుని గోడల పక్కన మంచి చోటు చూసుకుని నిలబడ్డారు.

ఆ తర్వాత చైర్మన్ గారు మళ్ళీ పని ఇవ్వలేదు. ఆవిడకి భోజనాల మేడం అని కొత్త పేరు పెట్టి కథలు చెప్పుకున్నారని విన్నాను. చెప్పుకోనీ. ఆ రోజు అక్కడ అప్పడం తిని ఇంటికెళ్ళిన వాళ్ళలో ఒక్కరికీ తామెందుకు లేచారో తెలియదు.

సాయంత్రం జనం పలచబడ్డాక మేడం ఆగిపోయిన ఎస్కలేటరు మెట్టు మీద కూర్చున్నారు. నేను మంచినీళ్ళిచ్చాను. తాగలేదు. ఎవరికీ ఏమీ కాలేదు కదా మేడం, మీరు పట్టుబట్టిన రెండో పలకే కాపాడింది కదా అని నాకు తోచిన నాలుగు మాటలూ చెప్పాను.

"నాకు వచ్చి చెప్పిందయ్యా. విన్నాను. విని, టీ తాగాను" అన్నారు.

నర్సమ్మ చీపురు పట్టుకుని అటుగా వస్తోంది. మేడం పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆమె మొహమాటపడుతూ ఒక మెట్టు కింద కూర్చుంది.

"పొద్దున నాకు చెప్పావు కదమ్మా, అది ఇంకోసారి చెప్పు. ఆ మాటే చెప్పు."

"వద్దు మేడం. మంచిగుండదు."

"నాకోసం."

నర్సమ్మ అరటి చెట్ల వైపు చూసింది, గడప మీద పసుపు కుంకుమల వైపు చూసింది. గాజులు కొంగు కింద దాచుకుంది. వినపడీ వినపడనట్టు అంది.

"పగిలింది మేడం."

మేడం తలెత్తి చూడలేదు. ఆమె చేతిని రెండు చేతులా పట్టుకుని, "ఆఁ, వినపడిందమ్మా" అంటూ ఏడ్చారు.